ముందే రాసిన సభ

"వీడు సభకు వెళ్లలేదమ్మా," అన్నాడు భీమశంకరం కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని. "ఇంట్లో కాళ్లు చాపుకు కూచుని రాసేశాడు వెధవ."

వీడు అనిపించుకున్న పెద్దమనిషి పోయి నూరేళ్లు దాటి ఉంటుంది. ఇంగ్లండులో ఏదో చిన్న ఊరి వారపత్రికకు విలేకరి. అయినా భీమశంకరం నోటికి చనిపోయినవాళ్లను మన్నించే అలవాటు లేదు; బతికున్నవాళ్లనే మన్నించదు. ఏలూరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కు మీద ముప్ఫై ఒక్క ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేసి, మండలాల నుంచి వచ్చిన వార్తల్ని ఎర్ర సిరాతో కోసి పోగులు పెట్టిన మనిషి. లోకంలో రాసేవాళ్లందరూ సోమరిపోతులనీ, ఆ సోమరితనాన్ని పట్టుకోగలిగినవాడు తానొక్కడేననీ ఆయన గట్టి నమ్మకం.

అమెరికాలోని నేపర్‌విల్‌లో కూతురు స్రవంతి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. మార్చి సెలవులకు కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు నైనిక డైనింగ్ టేబుల్ నిండా పాత పత్రికల నకళ్లు పరిచింది. నూట నలభై ఏళ్ల కిందట మిసెస్ ఎల్వుడ్ అని ఒక నవలా రచయిత్రి ఉండేదట. మొగుణ్ని వదిలేసి, ఆ సంగతే నవలగా రాసి, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిందట. చిన్న ఊళ్ల పత్రికలు ఆవిణ్ని ఎలా ఆడిపోసుకున్నాయన్నది నైనిక రాయాల్సిన వ్యాసం.

"ఎలా తెలుస్తుంది తాతయ్యా? హి సౌండ్స్ సో షూర్."

"అదే మొదటి గుర్తు. వెళ్లినవాడికి అంత ధీమా ఉండదు." భీమశంకరం పెన్ను మూత తీసి కాగితం మీద గీతలు కొట్టాడు. "ఇటు చూడు. అధ్యక్షుడి పేరు, బిరుదులు, హాలు పేరు, పియానో వాయించిన పిల్ల పేరు, అన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. ఎక్కడివి? ఆహ్వానం కార్డులోవి. మరి ఆవిడ మాట్లాడిందేమిటి? 'తన అభిప్రాయాలను నిస్సంకోచంగా వెల్లడించారు.' ఏ అభిప్రాయాలు? అవి కార్డులో ఉండవుగా! కార్డులో ఉన్నదంతా రైటు, లేనిదంతా గాలి. గాలి చాలదనుకుంటే గౌను గురించి రాస్తారు. ఈ ఊళ్లో ఆకుపచ్చ గౌను. పక్కూరి వాడు వీడి దగ్గర ఎత్తేశాడు కాబట్టి అక్కడా ఆకుపచ్చ గౌనే. మూడో ఊళ్లోనూ అదే. ఆవిడకి వేరే బట్టలే లేవా పాపం?"

నైనిక పడీపడీ నవ్వింది. ఆ మాటలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. "దీనికి కార్డ్ టెస్ట్ అని పేరు పెడతా. పేపర్‌లో నిన్ను కోట్ చేస్తా తాతయ్యా. మా ప్రొఫెసర్‌కి కూడా ఇది తెలీదు, తెలుసా?"

భీమశంకరం పెన్ను మూత పెట్టుకుంటూ లోపల ఏనుగెక్కాడు. కూతురి దృష్టిలో ఆయన 'పేపర్‌లో చేసేవారు'. అల్లుడు రాజ్ అయితే ఆ పేపర్ ఇంకా అచ్చవుతోందా అని ఒకసారి మర్యాదకి అడిగి ఊరుకున్నాడు. ఈ ఇంట్లో ఆయన చేసింది ఒక పని అనుకున్నది ఈ పిల్ల ఒక్కతే. ఉన్న నాలుగు పళ్లూ ఊడినా ఫరవాలేదు గానీ, ఈ పిల్ల కళ్లలో ఈ చూపు మాత్రం పోకూడదనుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. కిరణ్‌కుమార్.

కిరణ్‌కుమార్ ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. వారానికోసారి 'మిడ్‌వెస్ట్ తెలుగు కిరణాలు' అనే పత్రికను జనం ఫోన్లలోకి వదులుతాడు. పదహారు పేజీల్లో పదకొండు అమ్మకానికున్న ఇళ్లవి, ప్రతి ఇంటి ముందూ టై కట్టుకున్న కిరణ్‌కుమార్. మిగతా అయిదు పేజీలకే వార్తలు కావాలి. వాటిని దిద్దిపెట్టే పని రెండు నెలలుగా భీమశంకరానిది. ఆ పత్రికంటే ఆయనకు పరమ రోత. అయినా గురువారం వచ్చేసరికి దాని కోసం గడ్డం గీసుకుని కూర్చునేవాడు.

"సార్, రత్నం మేడమ్ మీటింగ్ శనివారం మూడింటికి. మీ వార్త శుక్రవారమే కావాలె."

"సభ అయ్యేది శనివారం కదండీ?"

"అయితది సార్. కానీ పేజీ పెట్టే పిల్లగాడు హైదరాబాద్‌ల ఉంటడు. మనకు మూడంటే వానికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. వాడు లేస్తడా? ముందుగాల సెట్ చేసి పెడ్తే ఐదింటికి అదే పోతది. లేకుంటే డాలస్ పేపరోళ్లు మనకన్నా ముందు పెడ్తరు. ముందే రాసుడు మీకు కొత్తనా సార్?"

కొత్తేమీ కాదు. ఏలూరులో మొదటి ఎడిషన్ ఏడింటికి ముగిసేది, ఊళ్లో సభలు ఎనిమిదింటికి మొదలయ్యేవి. సభ ఘనంగా జరిగిందని సభకు ముందే రాయడం అక్కడ అన్నం తిన్నంత మామూలు.

"ఇంకోటి సార్. ప్లెయిన్స్‌బరోల మేడమ్ మీటింగ్‌ల లొల్లి అయిందంట, అక్కడి పేపరోళ్లు మస్తు రాసిండ్రు. మనూళ్ల సప్పగా పోతే ఎట్ల? జర కారం వేయుండ్రి. వచ్చే నెల నుంచి మీ పేరు పైన పెడ్త, సలహా సంపాదకులు అని. ఫొటో ఒకటి పంపుండ్రి."

రత్నం పేరు భీమశంకరానికి తెలియనిది కాదు. ఆవిడ భర్త స్త్రీ స్వేచ్ఛ మీద గంటల తరబడి ఉపన్యసించే మహావక్త. తెలుగువాళ్లున్న ప్రతి అమెరికా ఊళ్లోనూ ఆయనకు డజను మంది భక్తులు. యాభై ఎనిమిదో ఏట ఆయన్ని వదిలి బయటికి వచ్చిన రత్నం, ఆ ఇంటి లోపలి సంగతులతో 'మా ఆయన సభకు వెళ్లారు' అని నవల రాసింది. ఆ నవల మీద ఇప్పుడు భక్తులందరూ కత్తులు నూరుతున్నారు. భీమశంకరం దాన్ని చదవలేదు. చదివితే అభిప్రాయం చెడిపోతుందని ఆయన భయం.

శుక్రవారం స్రవంతి ఆసుపత్రి డ్యూటీకి, రాజ్ రైలెక్కి షికాగోకీ పోయాక, భీమశంకరం డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్ది, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఒక పక్క ఫోన్‌లో సభ ఆహ్వానం, ఇంకో పక్క ప్లెయిన్స్‌బరో పత్రిక కత్తిరింపు. తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టి, అంచున గీత గీసుకున్నాడు. టైపు చేయడం తర్వాతి సంగతి; మొదటి ప్రతి ఎప్పుడూ చేత్తోనే.

'రత్నం సభలో రసాభాస' అని శీర్షిక పెట్టాడు. 'నిప్పు రంగు చీర, కత్తిరించిన జుట్టుతో వేదికనెక్కిన వివాదాస్పద రచయిత్రి వివాహ వ్యవస్థపై నిప్పులు చెరిగారు' అని రాసి, నిప్పు రెండుసార్లు పడిందని గమనించి, 'విరుచుకుపడ్డారు' అని దిద్దాడు. చీర ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చింది. జుట్టు కూడా అక్కడిదే. 'ప్రసంగం సగంలో ఉండగానే పలువురు మహిళలు లేచి వెళ్లిపోయారు' అన్న వాక్యం దగ్గర ఆగి, దాన్ని ముద్దుగా చూసుకున్నాడు. పలువురు అంటే ఎందరని ఏ కోర్టూ ఇంతవరకూ అడగలేదు. ఇద్దరు లేచినా పలువురే. ఏ సభలోనైనా ఇద్దరు లేవకుండా ఉంటారా? చివర, 'ప్రముఖులు దత్తాత్రేయ అధ్యక్షత వహించిన ఈ సభలో చిన్నారి రిషిత ప్రార్థనా గీతం ఆలపించగా, వెంకటస్వామి వందన సమర్పణ చేశారు' అని ముగించి, కింద 'మా ప్రతినిధి' అని పెట్టాడు.

బుధవారం తాను మనవరాలికి చెప్పిన పాఠం ఆయనకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ ఆ ఇంగ్లిషువాడిది సోమరితనం, తనది అనుభవం. ఆ తేడా ఆయనకు పగటి వెలుతురంత స్పష్టంగా కనిపించింది. వార్త పంపేసి, హాయిగా ఒక కునుకు తీశాడు.

శనివారం నైనిక తానూ వస్తానంది. "లైవ్ మిసెస్ ఎల్వుడ్ తాతయ్యా! నేను డ్రైవ్ చేస్తా పద." వద్దని చెప్పే కారణం వెతుకుతూనే ఆయన కారెక్కాడు.

లైబ్రరీ మీటింగ్ గదిలో నలభై కుర్చీలు, ముప్ఫై ఇద్దరు జనం. భీమశంకరం రెండో వరసలో కూర్చుని, సన్నటి నోటు పుస్తకం తీసి, పెన్ను జేబులోంచి లాగాడు. చేతికి పాత అలవాటు ఉంది కదా, ఊరుకోదు.

దత్తాత్రేయ రాలేదు. ఫ్లూ అట. ఆయన కుర్చీలో రేణు అనే ఆవిడ కూర్చుంది. రిషితకు స్విమ్మింగ్ పోటీ పడింది, కాబట్టి ప్రార్థనే లేదు. తన వార్త చివరి వాక్యంలోంచి రెండు పేర్లు పోయాయని భీమశంకరం లెక్కపెట్టుకున్నాడు. అంతలో రత్నం వచ్చింది. బక్కపలచని మనిషి. బూడిద రంగు స్వెట్టర్, నల్ల ప్యాంటు, కాళ్లకు ఎర్ర ఉన్ని మేజోళ్లు. తెల్లబడ్డ జుట్టు నడుము దాకా జడ. నిప్పు రంగు చీర లేదు, నిప్పూ లేదు.

బయటికి వెళ్లి కిరణ్‌కుమార్‌కు ఫోన్ చేయొచ్చు. పేజీని ఆపమనవచ్చు. సభ అయ్యేదాకా ఆయన ఆ సంగతి ఆలోచిస్తూనే కూర్చున్నాడు. కానీ లేస్తే నైనిక ఎక్కడికని అడుగుతుంది. పైగా డెస్కు మీద ఆయన నేర్చుకున్న సూత్రం ఒకటుంది: రాసినదానికీ సభకీ పొంతన కుదరకపోతే తప్పు సభదే.

రత్నం మైకు లేకుండా, పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడింది. మధ్యలో ఒకావిడ లేచి తలుపు వైపు నడిచింది. భీమశంకరం ప్రాణం లేచివచ్చింది. ఒకరు! ఇంకొక్కరు లేస్తే పలువురే! రెండు నిమిషాల్లో ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి రత్నం ముందు పెట్టి, తిరిగి తన కుర్చీలో కూర్చుంది. మరెవరూ లేవలేదు. ఒక చోట గదంతా గొల్లున నవ్వింది. మహావక్త భక్తుడు ఒకాయన లేచి కోపంగా ఏదో అడిగాడు; రత్నం జవాబు చెప్పింది; ఆయన చివర పుస్తకం కొనుక్కున్నాడు.

ఐదింటికి అందరూ మిర్చిబజ్జీలూ టీ కప్పులూ పట్టుకుని నిలబడి ఉండగా, ఫోన్లు ఒకదాని వెంట ఒకటి కిచకిచలాడాయి.

"ఏంటిది?" రేణు ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "నేను అధ్యక్షత వహిస్తే దత్తాత్రేయ గారి పేరేంటి? ఆయన మూడు రోజులుగా మంచం దిగలేదు!"

"చదవండి ఆంటీ, పైకి చదవండి. నాకు తెలుగు ఫాస్ట్‌గా రాదు," అంది నైనిక.

రేణు చదివింది. బాగా చదివింది కూడా. నిప్పు రంగు చీర దగ్గర నవ్వులు మొదలయ్యాయి. పలువురు మహిళలు లేచి వెళ్లిపోయిన చోట, నీళ్లు తెచ్చినావిడ "నేనేనా ఆ పలువురు?" అని బజ్జీ పట్టుకున్న చెయ్యి గాల్లోకి ఎత్తింది. రత్నం ఆ ఫోన్ అడిగి తీసుకుని, తనూ ఒకసారి మెల్లగా చదువుకుంది.

"ప్లెయిన్స్‌బరోలో కూడా నాకు ఇదే చీర కట్టారు," అంది. "నా దగ్గర నిజంగా ఉంటే బాగుణ్ను."

ఆవిడ సంచిలో ఫోన్ మోగింది. బెంటన్‌విల్ నుంచి అనుదీప్. మంగళవారం అక్కడి సభ పెట్టుకున్న కుర్రాడు. ఆవిడ విన్నది ఎక్కువ, మాట్లాడింది తక్కువ. "అలాగా... కమిటీ వాళ్లు చూశారా... పరవాలేదు బాబూ, నీ ఇబ్బంది నాకు అర్థమైంది... సరే, టికెట్ క్యాన్సిల్ చేసుకుంటాను." ఫోన్ పెట్టేసి, చల్లారిన బజ్జీని ప్లేటు అంచుకు జరిపింది. 

"కానీ వీడు అసలు రాలేదు!" నైనిక గొంతు ఖంగుమంది. "ఇట్స్ ఆబ్వియస్. దత్తాత్రేయ అంకుల్, రిషిత, వెంకటస్వామి అంకుల్, అన్నీ కార్డ్‌లోవి. కార్డ్‌లో ఉన్నది ఉన్నట్టు దింపాడు, లేనిది గాలి. రత్నం గారు ఏం చెప్పారో ఒక్క లైన్ లేదు. ఇది మా తాతయ్య కనిపెట్టిన టెస్ట్. హి వాజ్ ఎ రియల్ జర్నలిస్ట్. చెప్పు తాతయ్యా, నువ్వే చెప్పు వాళ్లకి!"

ముప్ఫై రెండు జతల కళ్లు భీమశంకరం వైపు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆయన వైపు ఇంత గౌరవంగా ఇంతమంది ఎన్నడూ చూడలేదు. నేల చీలితే బాగుండునని కథల్లో రాస్తారు. లైబ్రరీ నేల మీద మంచి తివాచీ పరిచి ఉంది, అది చీలే రకం కాదు.

"అవును," అన్నాడు. "రాకుండానే రాశాడు. ఇలాంటివాణ్ని మా డెస్కు గుమ్మం తొక్కనిచ్చేవాళ్లం కాదు."

చప్పట్లు కొట్టారు. భీమశంకరానికి ఛీ అనిపించింది, ఎవరి మీదో కాదు, తన మీదే. రత్నం దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది.

"మీరు వచ్చారు, నోట్సు కూడా రాసుకున్నారు, చూశాను. ఇక్కడ ఏం జరిగిందో మీరు నాలుగు ముక్కలు రాసిపెడతారా? అనుదీప్‌కి పంపుతాను. రేపటి దాకా ఆగమంటాను."

"తప్పకుండానమ్మా," అన్నాడు భీమశంకరం. ఆ మాట మటుకు మనసారా అన్నాడు.

ఇంటికి రాగానే, కాఫీ కూడా వద్దని గదిలో కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు. ఒక్క వార్త రాస్తే చాలు, చేసిన పాడుపని చెరిగిపోతుంది, ఎవరికీ తెలియనక్కర్లేదు. మూడు పేజీల నోట్సు ఉంది. బూడిద రంగు స్వెట్టర్. జడ. ఎర్ర మేజోళ్లు. మైకు లేదు. ఎడమ చేత్తో నీళ్లు తాగింది. సభికులు 32. నవ్వులు, 3.40కి. భక్తుడు, నీలం కోటు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. రత్నం మాట్లాడిన మాట ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి.

భోజనాల దగ్గర, ఏదో మాటవరసకన్నట్టు అడిగాడు. "సభలో నవ్వారే అందరూ, ఎందుకే?"

"విన్లేదా తాతయ్యా?" నైనిక చపాతీ ముక్క చేతిలో పట్టుకునే చెప్పింది. "హస్బెండ్ స్పీచెస్ అన్నీ ఆమె కాపీ చేసి ఇచ్చేదట, నీట్‌గా. ఒకసారి లేడీస్ ఫ్రీడమ్ స్పీచ్ కాపీ చేస్తుంటే ఆయన హాల్లోంచి 'కాఫీ ఏదీ?' అని అరిచాడట. ఆమె అది కూడా మధ్యలో రాసేసింది. ఆయన స్టేజ్ మీద చదివేశాడట, 'స్త్రీ లేనిదే సమాజం లేదు, కాఫీ ఏదీ?' అని! అందరూ క్లాప్ చేశారట. ఎవరూ విన్లేదు, ఆయనతో సహా. ఆ రోజు డిసైడ్ అయిందట, ఇంక తనే రాయాలని."

స్రవంతి పగలబడి నవ్వింది. భీమశంకరం కూడా నవ్వాడు, ఆ మాట తనకూ కొత్తేనని బయటపడకుండా. ఆయన ఆవిడకు ఆరడుగుల దూరంలో కూర్చున్నాడు. ఆవిడ ఆ మాట చెబుతున్నంతసేపూ ఆవిడ మేజోళ్ల రంగు రాసుకుంటున్నాడు. ఆ ఇంగ్లిషువాడు నయం. వాడు రాలేదు కాబట్టి వినలేదు.

మనవరాలు చెప్పింది చెప్పినట్టు ఎక్కించి పంపొచ్చు. అదీ ఎత్తేసిందే అవుతుంది. గదిలోకి వెళ్లి, ఒక వాక్యం రాసి కొట్టేసి, ఇంకోటి రాసి కొట్టేసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాడు.

ఆదివారం పొద్దున ఆయన కిందికి దిగేసరికి నైనిక టేబుల్ దగ్గర వ్యాసం చివరి పేజీలో ఉంది. నిన్నటి వార్తను కూడా అందులో కలుపుతోందట. నూట నలభై ఏళ్లయినా ఏమీ మారలేదని చూపించడానికి.

"నీ కోట్‌తో క్లోజ్ చేస్తున్నా తాతయ్యా. 'వెటరన్ జర్నలిస్ట్ భీమశంకరం' అని వేశా. ఓకేనా?"

భీమశంకరం ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ నిన్నటి వాడికి ఏం వేశావు?"

"అనానిమస్ అని. 'మా ప్రతినిధి' అంటే నేమ్ లేదు కదా."

"ఉంది."

"నీకు తెలుసా? ఎవరు?" ఆమె వేళ్లు మీటల మీద సిద్ధంగా నిలిచాయి.

"భీమశంకరం."

నైనిక నవ్వింది. "అది నీ నేమ్. ఆల్రెడీ పెట్టాను."

"అక్కడ కూడా అదే పెట్టు తల్లీ."

అర్థం కావడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. మొదట నవ్వు ఆగింది. తర్వాత వేళ్లు మీటల మీది నుంచి ఒళ్లోకి జారాయి. ఆయన ముఖంలోకి కాదు, ఆయన చొక్కా గుండీల వైపు చూస్తూ అడిగింది.

"నువ్వు అక్కడే ఉన్నావు కదా తాతయ్యా. నా పక్కనే కూర్చున్నావు. అందరి ముందూ అడిగాను కూడా."

"కూర్చున్నాను. శుక్రవారమే రాసి, శనివారం వచ్చి కూర్చున్నాను. నువ్వు అడిగితే వాణ్ని తిట్టాను. ఇవన్నీ రాసుకో."

నైనిక లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, 'అనానిమస్' ఉన్న చోట ఆయన పేరు కొట్టింది. ఆ తర్వాత పైకి వెళ్లి, మొదటి చోట ఆయన పేరు ముందున్న రెండు మాటలనూ ఒక్కో అక్షరంగా చెరిపేసింది. భీమశంకరం ఆ అక్షరాలు పోవడం చూస్తూ కూర్చున్నాడు. తన చేతికి పెన్నిచ్చినా అవే కొట్టేసేవాడు.

"అనుదీప్‌కి ఇవాళ చెప్పాలి కదా," అంది నైనిక. రేణు ఆంటీ ఇచ్చిన రత్నం నంబర్ తన ఫోన్‌లో తీసి, బల్ల మీద ఆయన ముందుకు జరిపింది. "రత్నం గారికి నువ్వే చెప్పు. నేను ఇక్కడే కూర్చుంటా."

మూడోసారి మోగాక అవతల రత్నం "హలో" అంది. ఏ ఊరి నుంచి, ఏ పత్రిక నుంచి అన్నది పాత అలవాటు కొద్దీ నాలుక చివరి దాకా వచ్చింది. భీమశంకరం దాన్ని మింగేసి, ఉత్త పేరు చెప్పాడు.